ఎన్ని నిమిషాలకి ఒకటి?

(అమలాపురంలో ఒక గ్రంథాలయ సమావేశంలో, బస్సు డిపోలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం. రికార్డింగు విని ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారమండి.

ట్రామ్ గురించి మాట్లాడమని పిలిచారు. అమలాపురంలో ట్రామ్ గురించి వినడానికి ఎవరొస్తారు, రైలే లేని ఊరు కదా అనుకున్నాను. ఇంతమంది వచ్చారంటే, లేనిదాని గురించి మాట్లాడుకోవడం మనకి బాగా అలవాటైపోయిందన్నమాట. (నవ్వులు)

నేను రామచంద్రపురం నుంచి వచ్చాను. కోటిపల్లి దాకా ఆటో, రేవులో పంటు, ముక్తేశ్వరంలో దిగి మళ్లీ ఆటో. పంటు మీద నిలబడితే గౌతమిలో రైలు వంతెన స్తంభాలు కనిపిస్తాయి, మీ అందరికీ తెలిసినవే. నా పక్కన ఒకావిడ కోడిపిల్లల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా తెల్లచొక్కా చూసి రైల్వే ఆఫీసరుననుకుందో ఏమో, "అవి ఎప్పటికవుతాయండీ?" అని అడిగింది. నాకూ తెలీదమ్మా అన్నాను. "మా పిల్ల పుట్టినప్పటి నుంచి వింటున్నాను. దానికి పెళ్లయిపోయింది" అంది. ఆవిడ లెక్క తప్పు కాదండి. మన అమలాపురం మీదుగా వెళ్లాల్సిన కోటిపల్లి–నర్సాపురం లైను 57 కిలోమీటర్లు, మంజూరైంది 2000–01లో. మన బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజులు. ఆయన 2002 మార్చిలో పోయారు. స్తంభాలు మాత్రం లేచాయి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ముప్పై నాలుగేళ్లు బస్సుల ఉద్యోగం. కండక్టరుగా చేరి కంట్రోలరుగా దిగాను. ఏ డిపో అన్నది ఎందుకులెండి. మా అమ్మాయి, అల్లుడు స్కాట్లండ్‌లో ఎడిన్‌బరోలో ఉంటారు. 2025లో మేమిద్దరం వెళ్లి కొన్నాళ్లు ఉన్నాం. మా ఆవిడకి మనవడితో సరిపోయేది. నాకు పనేం లేదు. పనిలేని డిపో మనిషి ఏం చేస్తాడండీ? స్టాపులో కూర్చుని బళ్లు లెక్కపెడతాడు. నేనూ అదే చేశాను. అప్పుడే ఆ ఊళ్లో ట్రామ్ లైను పొడిగించాలా వద్దా, పొడిగిస్తే ఏ దారిన అని పెద్ద గొడవ నడుస్తోంది. ఇవాళ చెప్పబోయేది ఆ గొడవ గురించే.

ముందు ట్రామ్ అంటే ఏమిటో చూడనివాళ్ల కోసం ఒక్క మాట. రోడ్డులోనే పట్టాలు పాతేస్తారు, రోడ్డుకి సమంగా. మీదనుంచి కరెంటు తీగ. ఇనప పట్టా మీద ఇనప చక్రం కాబట్టి కుదుపుండదు. ఎడిన్‌బరో బండి దాదాపు 43 మీటర్ల పొడవు, 250 మంది పడతారు. మన పల్లెవెలుగులో కూడా 250 మంది పడతారు కానీ అది వేరే సంగతి. (నవ్వులు)

మనవాళ్లకి ట్రామ్ కొత్తదేం కాదు. చెన్నపట్నంలో చదువుకున్న మన తాతలు ట్రామ్ ఎక్కినవాళ్లే. అక్కడ 1895లోనే కరెంటు ట్రామ్ వచ్చింది, 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. అదే ఏడాది జులైలో కలకత్తాలో సెకండ్ క్లాస్ ట్రామ్ టికెట్టు ఒక పైసా పెంచారని ఊరు ఊరంతా రోడ్డెక్కింది. ట్రాములు తగలబెట్టారు. చివరికి సర్కారు వెనక్కి తగ్గింది. ఒక్క పైసా అండి! అంటే ఆ ట్రామ్ ఎంతమంది బతుకులో భాగమైతే అంత మంట వస్తుంది? బొంబాయిలో 1964లో పోయింది. కలకత్తాలో ఇంకా కాస్త మిగిలింది కానీ, ఎస్‌ప్లనేడ్–మైదాన్ మధ్య ముక్క ఒకటి ఉంచి మిగతావి ఎత్తేస్తామని 2024లో అక్కడి ప్రభుత్వం చెప్పింది. కోర్టులో వ్యాజ్యాలున్నాయి. ఎడిన్‌బరో కూడా పాత ట్రాముల్ని 1956లో పీకేసింది. అన్ని ఊళ్లదీ ఒకే పాట: కార్లకి అడ్డం, బస్సు చవక, పట్టాల మీద సైకిళ్లు జారుతున్నాయి. సైకిలు మాట నిజమేనండి, ఇప్పటికీ జారుతున్నాయి. చక్రం సరిగ్గా ఆ గాడిలో దిగుతుంది.

పీకేసిన ఊరు మళ్లీ ఎందుకు వేసుకుంది? వేసుకునేటప్పుడు ఏమైంది? ఇక్కడ కాసేపు ఆగుతాను, అసలు కథ ఇదే కాబట్టి.

ఎయిర్‌పోర్టు నుంచి ఊరి నడిబొడ్డు మీదుగా సముద్రం ఒడ్డున న్యూహేవెన్ దాకా వేస్తామన్నారు. మొదట్లో చెప్పిన ఖర్చు 37 కోట్ల 50 లక్షల పౌండ్లు. కాంట్రాక్టరుతో తగువులు, భూమి కింద పైపులు, తీగలు. ఏళ్లూ పూళ్లూ గడిచాయి. 2014 మే 31న బండి కదిలేసరికి ఖర్చు 77 కోట్ల 60 లక్షలు. ఇంతా చేసి లైను సముద్రం దాకా వెళ్లలేదు. డబ్బు సరిపోక ఊరి మధ్యలో యార్క్ ప్లేస్ దగ్గర ఆపేశారు. ఎందుకిలా అయిందో తేల్చమని విచారణ వేశారు. ఆ విచారణకి తొమ్మిదేళ్లు పట్టింది, దానికే కోటి పౌండ్ల పైన అయింది. ఇది విన్నాక నాకు మన దేశం మీద గౌరవం పెరిగిందండి. మనం ఒక్కళ్లమే కాదు. (నవ్వులు, చప్పట్లు)

యార్క్ ప్లేస్ నుంచి సముద్రం వైపు దిగే పెద్ద రోడ్డుని లీత్ వాక్ అంటారు. అందులో ఒక కొట్టుంది. పప్పులు, మసాలాలు, కరివేపాకు దొరుకుతాయి. ఆయన పంజాబీ పెద్దమనిషి. నేను హిందీలో, ఆయన పంజాబీ హిందీలో మాట్లాడుకునేవాళ్లం. మొదటిసారి పైపులు పక్కకి జరపడానికి తన కొట్టు ముందు తవ్వారట. అడ్డంగా రేకులు కట్టారట. గిరాకీ సగమైందట. పోనీలే ట్రామ్ వస్తుంది కదా అని ఓర్చుకున్నాడు. తవ్వారు, పూడ్చారు, వెళ్లిపోయారు. లైను యార్క్ ప్లేస్‌లో ఆగిపోయింది. నష్టం ఆయనది, స్టాపు వేరేవాళ్లది. మన దగ్గర రోడ్డు వెడల్పు చేస్తామని గోడకి ఎర్రరంగు గుర్తు వేసి పోతారు చూడండి, ఆ ఇంటి మీద పదేళ్లు ఎవడూ గది వేయడు, ఎవడూ కొనడు, రోడ్డూ రాదు. అదీ ఆయన స్థితి.

2019లో మళ్లీ తవ్వకం మొదలుపెట్టారు, ఆగిన చోటు నుంచి న్యూహేవెన్ దాకా. ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు. ఈసారి కాస్త బుద్ధిగా చేశారు. వ్యాపారులకి సాయం కింద కొంత డబ్బు పక్కనపెట్టారు. మధ్యలో కరోనా వచ్చింది. పాత చర్చి పక్క వీధి తవ్వితే వందల ఏళ్ల నాటి ఎముకలు బయటపడ్డాయి, మూడొందల అరవై మందికి పైగా. వాటన్నిటినీ జాగ్రత్తగా తీసి దాచాక పని సాగించారు. 2023 జూన్ 7న బండి సముద్రం దాకా వెళ్లింది. 20 కోట్ల 70 లక్షలు అనుకున్నారు, అందులోనే చేశారు. పంజాబీ ఆయన్ని అడిగాను, ఇప్పుడెలా ఉందండీ అని. బండి వెళ్తున్న వైపు చూసి, "బాగానే ఉంది. కానీ మా ఆవిడ చూడలేదు" అన్నాడు. ఇంకేం అడుగుతాం?

సరే, ఇప్పుడు మూడో అంకం. ఉత్తరాన సముద్రపు ఒడ్డున గ్రాంటన్ అని ఉంది. ఒకప్పుడు గ్యాసు ఫ్యాక్టరీ ఉన్న చోటు, ఇప్పుడు వేల ఇళ్లు కడుతున్నారు. దక్షిణాన పెద్దాసుపత్రి. ఈ రెండిటినీ కలుపుతూ కొత్త లైను వేయాలని కౌన్సిల్ ప్రతిపాదన. దారులు రెండు. ఒకటి రోజ్‌బర్న్ దారి: ఒకప్పటి రైలుకట్ట. రైలు పోయాక దాన్ని నడకకీ సైకిళ్లకీ వదిలేశారు, రెండు పక్కలా చెట్లు మొలిచి పచ్చటి సొరంగంలా ఉంటుంది. రెండోది ఆర్చర్డ్ బ్రే మీదుగా రోడ్డు దారి. అందులో 1830ల నాటి రాతి వంతెన ఉంది, డీన్ బ్రిడ్జి. టెల్‌ఫర్డ్ అనే ఇంజనీరు కట్టాడు. అంత పాత వంతెన మీద ట్రామ్ వెళ్లాలి, రోడ్డు మీద ట్రాఫిక్‌లో కలవాలి. రైలుకట్ట మీద అయితే అడ్డం లేదు, వేగం ఎక్కువ. కానీ చెట్లు పోతాయి.

ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఒక హాల్లో మ్యాపులు తగిలించారు. వచ్చినవాళ్లు పసుపు చీటీ మీద రాసి అంటించాలి. నేనూ వెళ్లాను. ఓటు లేదు, పన్ను కట్టను, అయినా ఎవరూ వద్దనలేదు. బిస్కెట్లు కూడా పెట్టారు.

అక్కడ కూర్చుని పాత అలవాటు కొద్దీ ఓఆర్ కట్టాను. ఓఆర్ అంటే బస్సులో సీట్లెన్ని, ఎక్కినవాళ్లెంతమంది అనే లెక్క. ఆ హాల్లో ఎవరెవరు ఎక్కారు? రోజ్‌బర్న్ దారిలో రోజూ నడిచే పెద్దవాళ్లు, కుక్కలతో సహా. హెల్మెట్ తీయకుండానే మాట్లాడే సైకిలు కుర్రాళ్లు. ఆర్చర్డ్ బ్రేలో ఇళ్లున్నవాళ్లు. పాత లైను చేదు అనుభవం మర్చిపోని వ్యాపారులు. వీళ్లలో ఎవరి మాటా అబద్ధం కాదు. ఒక ముసలావిడ చీటీ మీద ఏం రాసిందంటే, "ఈ దారిలో మా ఆయన్ని చక్రాల కుర్చీలో తోసుకెళ్తాను, వేరే చోట ఎత్తుపల్లాలు." దానికి ఏ ఇంజనీరు జవాబు చెబుతాడండీ?

మరి ఎక్కనివాళ్లు ఎవరు? మా అమ్మాయి వాళ్ల పై అంతస్తులో కేరళ అమ్మాయి ఒకతె ఉంటుంది, నర్సు. నైట్ డ్యూటీలు. ట్రామ్ ఆసుపత్రి దాకా వస్తే రెండు బస్సులు మారే బాధ తప్పేది ఈ అమ్మాయికి. మీటింగు మధ్యాహ్నం నాలుగింటికి. ఆ టైంలో ఆ అమ్మాయి కర్టెన్లు వేసుకుని నిద్రపోతోంది. ఇక గ్రాంటన్‌లో కట్టబోయే ఇళ్లలో ఉండబోయేవాళ్లు? వాళ్లెవరో వాళ్లకే తెలీదు ఇంకా. లైను వల్ల పోగొట్టుకునేవాడికి తన చెట్టేదో, తన గోడేదో తెలుసు. బాగుపడేవాడు ఇంకా స్టాపుకే రాలేదు. సభ ఎప్పుడు పెట్టినా మొదటివాడే వస్తాడు. అది అతని తప్పు కాదు.

ఇది నాకు అక్కడ కొత్తగా తెలిసిన సంగతి కాదండి. నేను చేసిన తప్పే గుర్తొచ్చింది. చెబుతాను.

ఒక లంక ఊరికి నైట్ హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి అక్కడే పడుకుని పొద్దున నాలుగున్నరకి బయల్దేరేది. ఓఆర్ నూటికి ముప్పై దాటేది కాదు. పైగా ఎక్కేవాళ్లంతా చేపలమ్మే ఆడవాళ్లు. సత్తు డేసాలు, కింద గోనెపట్టాలు, బస్సంతా నీచు వాసన. కండక్టర్లు ఆ డ్యూటీ అంటే ముఖం చిట్లించేవారు. లెక్కలు చూసి, ఆ ట్రిప్పు తీసేయొచ్చని నోట్ రాసింది నేనే. తీసేశారు. రెండు వారాలు చూశాను, ఒక్కరూ అడగలేదు. అదే నెలలో వేరే రూటులో సాయంత్రం బస్సు పది నిమిషాలు వెనక్కి జరిపితే నలభై మంది అర్జీ పట్టుకొచ్చారు. మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు. పేపర్లో ఫొటో కూడా పడింది. మర్నాడే పాత టైం పెట్టేశాం.

మూడు నెలల తర్వాత సంతలో ఒకావిడ నన్ను గుర్తుపట్టింది. "మీరే కదండీ మా బస్సు తీసేసింది" అంది. కోపంగా కాదు, మామూలుగా. రేవులో చేపల వేలంపాట తెల్లారకముందే అయిపోతుంది. ఆటోవాడు ఆరుగురు నిండితే గాని కదలడు. వెళ్లేసరికి మంచి సరుకు పాటలో పోతుంది, మిగిలింది కొనుక్కోవాలి. మరి ఒక్కసారైనా డిపోకి వచ్చి చెప్పలేదేమమ్మా అన్నాను. "ఎప్పుడు రమ్మంటారు?" అంది. పాట అయ్యాక అమ్మకం. అమ్మకం అయ్యాక వంట. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ తూకం కన్నా రెండు చేపలు ఎక్కువే వేసింది, అది మరీ బాధగా ఉంది.

(సభలోంచి: మళ్లీ వేయించారా అండీ?)

లేదండి. అప్పటికే ఆ బండి వేరే రూటుకి వెళ్లిపోయింది. తీసేయడానికి ఒక నోట్ చాలు. తిరిగి వేయించడానికి ఎన్ని సంతకాలు కావాలో డిపోలో చేసినవాళ్లకి తెలుసు.

ఎడిన్‌బరో సంగతికి వస్తాను. నన్నడిగితే ఏ దారి అంటారా? రోజ్‌బర్న్ దారిలో పొద్దున్నే నేను నడిచేవాణ్ని కాబట్టి పక్షపాతం ఉందనుకోండి. అయినా చెబుతాను: రోడ్డు మీదుగానే వేయాలి. రైలుకట్ట ఇళ్ల వెనకాల నుంచి పోతుంది. స్టాపు అనేది గుమ్మాలున్న వైపు ఉండాలి, పెరడు వైపు కాదు. చీకటి పడ్డాక ఆ పచ్చసొరంగంలో దిగడానికి ఆ నర్సమ్మాయి ఇష్టపడుతుందా? రోడ్డు మీదైతే కాస్త ఆలస్యమవుతుంది, డీన్ బ్రిడ్జి మీద ఖర్చవుతుంది. అవనివ్వండి. ఇంజనీర్లు నా మాట ఒప్పుకోకపోవచ్చు, వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి.

నా చీటీ మీద ఏం రాశానో చెప్పలేదు కదూ. అమ్మాయి చేత ఇంగ్లీషులో రాయించాను: "ఎన్ని నిమిషాలకి ఒకటి?" అక్కడున్న కుర్ర ఉద్యోగి చదివి నవ్వాడు. గోడనిండా చీటీలున్నాయి, ఈ మాట అడిగింది మీరొక్కరే అన్నాడు. అందరూ ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత ఖర్చు, ఏ చెట్టు అనే. ఎంతసేపు నిలబడాలి అన్నది ఎక్కేవాడికే కావాలి. ఎక్కేవాడు హాల్లో లేడు.

నా అనుభవంలో తేలిందొకటుంది. పది నిమిషాల లోపు ఒక బండి ఉంటే జనం టైం అడగరు, స్టాపుకి వచ్చి నిలబడతారు. అరగంటకొకటైతే టైం అడుగుతారు. రెండు గంటలకొకటైతే మోటార్ సైకిల్ కొనుక్కుంటారు. ఎడిన్‌బరోలో పగటిపూట ఏడెనిమిది నిమిషాలకొక ట్రామ్ వస్తుంది. అంత తిట్టినవాళ్లూ ఎక్కుతున్నారంటే కారణం అదే. రంగూ కాదు, ఏసీ కూడా కాదు.

మన గోదావరి గడ్డ మీద ఈ వాదన కొత్తదని అనుకోకండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాటన్ దొర కాలువలు తవ్వించింది ఒక్క పంటకే కాదు, పడవలకి కూడా. రైలు మీద పోసే డబ్బు కాలువల మీద పోస్తే సరుకు ఇంకా చవగ్గా వెళ్తుందని ఆయన గట్టిగా వాదించాడు. కొన్నాళ్లు నిజమే అయింది. లాకుల దగ్గర పడవలు వరసకట్టేవి. గట్టు మీద తాడు పట్టుకుని మనుషులు లాగేవారు, ఆ దృశ్యం చూసినవాళ్లు ఈ సభలో ఒకరిద్దరైనా ఉండుంటారు. (సభలోంచి: నేను చూశానండి.) చూశారా! మరి పడవ ఎందుకు పోయింది? బస్సు కన్నా చవకే. కానీ పడవ బయల్దేరేది పడవవాడికి వీలైనప్పుడు. బస్సు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వచ్చింది, తర్వాత గంటకొకటి అయింది. కాలువల్లో నీళ్లు ఇప్పటికీ ఉన్నాయి, గుర్రపుడెక్కతో సహా.

ఇక కాకినాడ–కోటిపల్లి లైను. మా ఊరి మీదుగానే వెళ్తుంది. 45 కిలోమీటర్లు. 1928లో వేశారు. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని తెల్లవాళ్లు పట్టాలు పీకి తీసుకుపోయారు. పన్నెండేళ్ల ముచ్చట. మళ్లీ వేసింది 2004లో. అరవై నాలుగేళ్లు! వేశాక ఏం నడిపారు? రైలుబస్సు. చూడ్డానికి బస్సులాగే ఉండి పట్టాల మీద పోయేది. ఒక రకంగా మన ట్రామే అది. పిల్లలు ముచ్చటపడేవారు, కరప దగ్గర పొలాల్లో పనిచేసేవాళ్లు చెయ్యూపేవారు. రోజంతటికీ వేళ్ల మీద లెక్కపెట్టే ట్రిప్పులు. ద్రాక్షారామం వెళ్లాలంటే ఎవరండీ దాని టైం కోసం కూర్చునేది? రోడ్డు మీదకొస్తే షేర్ ఆటో. ఖాళీగా తిరిగింది, ఖాళీగా తిరుగుతోందని మళ్లీ తగ్గించారు. నేను లంక బస్సుకి చేసిందే అది. ఎడిన్‌బరోలో రైలుకట్టని నడకదారి చేసుకున్నారు. మనం రైలుకట్ట మీద మళ్లీ రైలు వేసుకుని, రైలు లేకుండా ఉన్నాం.

టైమైపోతోంది. ప్రశ్నలుంటే ఒకటి తీసుకుంటాను.

(సభలోంచి ఒక అమ్మాయి: అంకుల్, అయితే అమలాపురం రైలు వద్దంటారా?)

అయ్యో, అలా అర్థమైందా అమ్మా? కావాలి. స్తంభాలు లేచాక వద్దనడానికి నేనెవర్ని? లీత్ వాక్ పంజాబీ ఆయనలాగే ఇక్కడ కొబ్బరితోటలు ఇచ్చినవాళ్లున్నారు. చెట్టు కాపుకొచ్చాక కొట్టించుకున్నవాడి నష్టం, పరిహారం చెక్కు చూస్తే తెలీదు. నలభై అయిదు రోజులకోసారి దింపు తీసే అలవాటున్న చెయ్యి ఖాళీగా ఉంటుంది. రైలు రాకపోతే వాళ్లది వట్టి నష్టమే అయిపోతుంది.

నేను అడగమనేది వేరు. నువ్వు చదువుకునేది కాకినాడా? (అవునండి.) పొద్దున తొమ్మిదికి క్లాసు. అయితే మొదటి బండి ఇక్కడ ఆరున్నరకి ముందే కదలాలి. సాయంత్రం ల్యాబు ఐదున్నరకి అయితే, ఆ తర్వాత ఒకటి కాదు, రెండు ఉండాలి, ఒకటి తప్పిపోతే రెండోది. మధ్యలో మీ అమ్మగారు ఆసుపత్రికి వెళ్లి రావాలి, రోజంతా అక్కడే కూర్చోకుండా. ఎంపీ గారు వచ్చినప్పుడు లైను ఎప్పుడు పూర్తవుతుందని అందరూ అడుగుతారు, అడగనీ. నువ్వు లేచి రోజుకి ఎన్ని, మొదటిది ఎన్నింటికి, చివరిది ఎన్నింటికి అని అడుగు. నీ ఫ్రెండ్స్‌ని కూడా తీసుకెళ్లు. క్లాసు ఎగ్గొట్టయినా సరే. నేను చెప్పానని మీ ఇంట్లో మాత్రం చెప్పకు. (నవ్వులు)

ఇంక సెలవిప్పించండి. చీకటిపడితే పంటు ఉండదు, ముక్తేశ్వరం రేవులో ఉండిపోవాల్సి వస్తుంది. ఎవరైనా బండి మీద అటు వెళ్లేవాళ్లుంటే నన్ను రేవు దాకా దింపుతారా?